ఒకరు మాత్ర ఆపమన్నారు, మరొకరు ఆపవద్దన్నారు

పేరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పంపిన సుదీర్ఘమైన ఉత్తరంలోని సారాంశం ఇది.

ఆమె వయసు 30. నాలుగేళ్ల కిందట నెలసరి ఆగిపోయింది. పెళ్లయినా అప్పటికింకా గర్భం రాలేదు, అయినా రొమ్ముల నుంచి పాలు రావడం మొదలైంది. రక్తపరీక్షలో పాలు పుట్టించే హార్మోను ప్రొలాక్టిన్ 310 ఉంది. ఎమ్మారై తీస్తే పిట్యూటరీ గ్రంథిలో 12 మిల్లీమీటర్ల కణితి కనిపించింది. ప్రొలాక్టినోమా, అంటే ప్రొలాక్టిన్‌ను అతిగా తయారుచేసే కణితి అన్నారు. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) కాబెర్గోలిన్ అర మిల్లీగ్రాము మాత్ర వారానికి రెండుసార్లు వేసుకోమన్నారు. కొన్ని నెలలకే నెలసరి దారిలో పడింది. ఎనిమిది నెలల కిందట తీసిన ఎమ్మారైలో కణితి 6 మిల్లీమీటర్లకు తగ్గింది. చూపు ఎప్పుడూ దెబ్బతినలేదు.

ఇప్పుడు ఆమెకు పదకొండో వారం. పరీక్షలో గర్భం అని తేలగానే, అంటే అయిదో వారంలో, ఎండోక్రైనాలజిస్టుకు ఫోను చేస్తే మాత్ర ఆపేయమన్నారు. ఆపేశారు. తర్వాత గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లినప్పుడు, "ఇంత గడ్డ ఉంటే ఆపకూడదు కదా, ఎవరు ఆపమన్నారు?" అని ఆమె ఆశ్చర్యపోయారట. ఆ రోజు పాత ఫైలు మాత్రమే చేతిలో ఉందని, కొత్త స్కాను రిపోర్టు భర్త ఫోనులో ఉండిపోయిందని మధ్యలో ఒకచోట రాశారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తెలియక ఆమె తనంతట తానే ల్యాబుకు వెళ్లి ప్రొలాక్టిన్ పరీక్ష చేయించుకున్నారు. 118 వచ్చింది. మాత్ర వేసుకుంటున్న రోజుల్లో అది 14 ఉండేది. ఆ రాత్రి ఎవరికీ చెప్పకుండా అర మాత్ర మింగారు. మర్నాడు ఉదయం మంచం దిగుతుంటే కళ్లు తిరిగి గోడ పట్టుకోవలసి వచ్చింది. కణితి పెరిగిపోయిందనే భయం ఒకవైపు, బిడ్డకు ఏమైనా చేశానేమోనన్న దిగులు ఇంకొకవైపు. వాంతులకు వేరే మాత్ర కూడా వాడుతున్నారు, దాని పేరు డోంపెరిడోన్.

భర్తకు జబ్బు సంగతి తెలుసు, అర మాత్ర సంగతి తెలియదు. "ప్రతి నెలా ఆ రక్తపరీక్ష చేయిద్దాం, ధైర్యంగా ఉంటుంది" అంటున్నారు. పగలు ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు మాత్రమే. అత్తగారికి ఏమీ తెలియదు. "మెదడులో గడ్డ అంటే ఆవిడ తట్టుకోలేరు, బిడ్డకు కూడా వస్తుందని అంటారు" అని భయం. ఇక ఆడపడుచుకు ఎవరో చెప్పారట, ఇలాంటి వాళ్లకు ఆపరేషన్ చేసే బిడ్డను తీయాలని, పాలు ఇవ్వకూడదని. ఏది నిజం, ఏం చేయమంటారు అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం

ముందుగా ఆ అర మాత్ర సంగతి. మీరు దాన్ని చివరి పేజీలో రాశారు గానీ, ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

ఆ అర మాత్ర వల్ల బిడ్డకు హాని జరిగిందని అనుకోవడానికి ఆధారం లేదు. కాబెర్గోలిన్ వాడుతూ గర్భం దాల్చిన స్త్రీల వివరాలు వేయి దాకా వైద్య పత్రికలకెక్కాయి. దానికంటే పాత మందు బ్రోమోక్రిప్టిన్ విషయంలో అలాంటి వివరాలు 6,000కు పైనే ఉన్నాయి. మామూలు గర్భిణులతో పోలిస్తే వీరిలో గర్భస్రావాలు గానీ, పుట్టుకతో వచ్చే లోపాలు గానీ ఎక్కువగా కనిపించలేదు. ఇంకొక మాట. కాబెర్గోలిన్ ఒంట్లో చాలాకాలం నిలిచే మందు. రక్తంలో దాని మోతాదు సగానికి తగ్గడానికే రెండున్నర రోజులకు పైగా పడుతుంది, అందుకే వారానికి రెండుసార్లు వేసుకుంటే సరిపోతోంది. అయిదో వారంలో మీరు ఆపిన తర్వాత కూడా కొన్ని రోజులపాటు అది ఒంట్లో ఉండే ఉంటుంది. ఆ వేయిమందిలో చాలామందికి జరిగింది కూడా ఇదే. వాళ్లకు తెలిసిన తర్వాతే ఆపారు, అప్పటికే మందు కొన్ని వారాలపాటు ఒంట్లో ఉంది. కాబట్టి మీరు ఎవరూ నడవని దారిలో లేరు.

కళ్లు తిరిగిన సంగతికి కూడా జవాబు అక్కడే ఉంది. ఈ మందు కొందరిలో లేచి నిలబడగానే రక్తపోటును పడేస్తుంది. మొదటిసారి వేసుకున్నప్పుడు, కొంత విరామం తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇది ఎక్కువ. పైగా గర్భం వచ్చిన మొదటి నెలల్లో రక్తపోటు ఎలాగూ కొంచెం తగ్గుతుంది. వాంతులతో కడుపులో ఏమీ నిలవని మనిషి అర మాత్ర వేసుకుని ఉదయాన్నే మంచం దిగితే కళ్లు తిరగడంలో వింత లేదు. కణితి పెరిగితే కనిపించే లక్షణాలు వేరు, వాటి దగ్గరకు వస్తాను.

అయితే ఒక పని తప్పకుండా చేయాలి. ఆ అర మాత్ర సంగతి ఎండోక్రైనాలజిస్టుకు చెప్పండి. కోప్పడతారేమో, పడనివ్వండి. మీరు మందు మానేశారని ఆయన అనుకుంటూ, మీరు భయం వేసినప్పుడల్లా అర మాత్ర వేసుకుంటూ పోతే, రేపు ఏదైనా లక్షణం కనిపించినప్పుడు ఆయన లెక్క తప్పుతుంది. మందు మానేసినా బాగున్నారని అనుకోవడానికి, మందు వల్ల బాగున్నారని అనుకోవడానికి చాలా తేడా ఉంది.

ఇక 118. మిమ్మల్ని ఇంతగా కలవరపెట్టింది ఈ అంకె ఒక్కటే.

పిట్యూటరీ గ్రంథి బఠాణీ గింజంత ఉంటుంది. మెదడు అడుగున, ముక్కు వెనక భాగంలో, ఎముకలో ఉన్న చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది. అందులో ప్రొలాక్టిన్ తయారుచేసే కణాలు మనందరికీ ఉంటాయి. వాటిని మెదడు నుంచి వచ్చే డోపమైన్ అనే రసాయనం అదుపులో పెడుతుంది. కాబెర్గోలిన్ చేసేది కూడా డోపమైన్ పనే. గర్భం వచ్చాక ఈస్ట్రోజన్ బాగా పెరుగుతుంది, అది ఈ కణాలను ఎదగమని ఉసిగొల్పుతుంది. ఏ జబ్బూ లేని స్త్రీలో కూడా నెలలు నిండేసరికి పిట్యూటరీ గ్రంథి బాగా ఉబ్బుతుంది, ప్రొలాక్టిన్ పది రెట్ల దాకా పెరుగుతుంది. గర్భం లేనప్పుడు 25 లోపు ఉండవలసిన అంకె, ప్రసవం నాటికి 200 దాటడం మామూలే. బిడ్డకు పాలు సిద్ధం చేసే ఏర్పాటు అది.

అంటే మీ 118లో గర్భం వాటా ఎంతో, కణితి వాటా ఎంతో ఆ కాగితం చెప్పలేదు. ఏ ల్యాబూ చెప్పలేదు. పైగా మీ ఉత్తరంలో ఇంకొక చిక్కు ఉంది. వాంతులకు మీరు వేసుకుంటున్న డోంపెరిడోన్ డోపమైన్‌ను అడ్డుకునే మందు. మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. డోపమైన్‌ను అడ్డుకుంటే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ఏ జబ్బూ లేనివారు వేసుకున్నా పెరుగుతుంది. మీరు ఆ మాత్ర వేసుకుంటున్న రోజుల్లోనే రక్తం ఇచ్చారు. అందువల్ల ఆ అంకెకు కనీసం మూడు కారణాలున్నాయి, మూడింటినీ విడదీసే మార్గం లేదు. ఒకవేళ మీ డాక్టర్లు కాబెర్గోలిన్ మళ్లీ మొదలుపెట్టాలని నిర్ణయిస్తే, దాన్ని, డోంపెరిడోన్‌ను కలిపి వేసుకోవడం ఒక చేత్తో తలుపు తెరుస్తూ రెండో చేత్తో మూయడమే. వాంతులకు వేరే మందులున్నాయి, గైనకాలజిస్టును అడిగితే మారుస్తారు. ఆ మాత్ర డాక్టరే రాసిచ్చారు కాబట్టి మీ అంతట మీరు ఆపవద్దు. మీ జబ్బు పేరు గుర్తుచేసి అడగండి, చాలు.

ప్రొలాక్టినోమా ఉన్న గర్భిణులకు ప్రొలాక్టిన్ పరీక్ష చేయవద్దని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. కారణం పైన చెప్పినదే. అంకె పెరిగినా కణితి పెరిగిందని కాదు, అంకె నిలకడగా ఉన్నా కణితి పెరగలేదని కాదు. మీ భర్త సదుద్దేశంతోనే నెలనెలా పరీక్ష అంటున్నారు, సందేహం లేదు. కానీ ఆ పరీక్ష మీకు ధైర్యం ఇవ్వదు. వచ్చే నెల 160 వస్తుంది, ఆ తర్వాత 200 వస్తుంది, ప్రతిసారీ ఒక నిద్ర లేని రాత్రి, బహుశా ఇంకొక అర మాత్ర. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. ప్రసవమయ్యేదాకా ఆ పరీక్ష జోలికి వెళ్లవద్దు.

ఇప్పుడు డాక్టర్లిద్దరి సంగతి చూద్దాం. వాళ్లు నిజంగా ఒకరితో ఒకరు విభేదించారని నాకు అనిపించడం లేదు. వాళ్లు చూసిన కాగితాలు వేరు.

ప్రొలాక్టినోమాలను 10 మిల్లీమీటర్ల దగ్గర గీత గీసి విడదీస్తారు. అంతకు తక్కువైతే మైక్రో, అంతకు పైనైతే మాక్రో. మైక్రో ఉన్నవారు మందు ఆపేసినా, గర్భకాలంలో కణితి ఇబ్బంది పెట్టేంతగా పెరిగేది నూటికి ఇద్దరు ముగ్గురిలోనే. మాక్రో ఉండి, ముందు ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ జరగనివారిలో అది నూటికి ఇరవై దాటుతుంది. ఈ తేడా వల్లే మొదటి రకానికి ఆపేయమనడం, రెండో రకంలో కొందరికి కొనసాగించమనడం జరుగుతోంది. మీ గైనకాలజిస్టు ఆ రోజు చూసింది 12 మిల్లీమీటర్ల రిపోర్టు. ఆ కాగితం ఒక్కటే ఎదురుగా ఉంటే ఆపవద్దనడం బాధ్యత గల డాక్టరు అనవలసిన మాటే. ఎండోక్రైనాలజిస్టుకు 6 మిల్లీమీటర్ల సంగతి తెలుసు, కణితి కంటి నరాలకు దూరంగా ఉందో లేదో కూడా ఆయనకే తెలుసు. ఆయన ఆపమన్నారు. ఎవరి కాగితానికి వాళ్లు సరైన జవాబే ఇచ్చారు.

కాబట్టి మొదటి పని, ఆ కొత్త రిపోర్టు అచ్చు తీయించి ఫైలులో పెట్టడం. రెండో పని, ఇద్దరు డాక్టర్లను ఒకరితో ఒకరు మాట్లాడమని అడగడం. మొహమాటపడవద్దు. "సార్ ఇలా అన్నారు, మేడమ్ అలా అన్నారు" అంటూ వాళ్ల మాటలను మీరు మోసుకుని తిరిగితే, సగం మాట దారిలోనే జారిపోతుంది. ఫోనులో అయిదు నిమిషాలు, లేదా ఒకరు ఇంకొకరికి రాసిచ్చే చీటీ, అంతే కావలసింది. ఆ చీటీలో మూడు సంగతులు ఉండేలా చూడండి. ఇప్పుడు కణితి ఎంత ఉంది, కంటి నరాలకు ఎంత దూరంలో ఉంది, ఏ లక్షణం కనిపిస్తే ఎవరిని పిలవాలి.

వాళ్లు మాట్లాడుకున్నాక మీ ముందు ఉండే దారులు ఇవి. మీ పరిస్థితిలో ఎక్కువమంది డాక్టర్లు మొగ్గు చూపేది మొదటి దారికి. మందు ఆపి ఉంచి, లక్షణాలను కనిపెట్టుకుని ఉండటం. దీనివల్ల లాభం, అవసరం లేని మందు బిడ్డకు అందదు. "హాని లేదని తేలినప్పుడు ఎందుకు ఆపడం?" అని మీరు అడగవచ్చు. ఇంతవరకు హాని కనబడలేదనడం వేరు, తొమ్మిది నెలలూ వాడితే ఏమవుతుందో అంతే నమ్మకంగా చెప్పడం వేరు. మొదటి వారాల్లో వాడి ఆపేసినవారి వివరాలు పుష్కలంగా ఉన్నాయి, గర్భకాలమంతా వాడినవారి వివరాలు అంతకంటే బాగా తక్కువ. పైగా మందు చేయవలసిన పని, నెలసరి సరిచేసి గర్భం వచ్చేలా చేయడం, అయిపోయింది. ఈ దారిలో నష్టం ఏమిటంటే, మీ కణితి మొదట 12 ఉండేది కాబట్టి మీరు ఆ నూటికి ఇద్దరు ముగ్గురి లెక్కలో అచ్చంగా ఇమడరు. కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. మొదటినుంచీ 6 ఉన్నవారిని చూసేదాని కంటే మిమ్మల్ని తరచుగా చూడమని అడగడం అతి కాదు.

రెండో దారి, గర్భకాలమంతా మందు కొనసాగించడం. మీ కణితి కంటి నరాలకు ఆనుకుని ఉందనో, ఆ ఎముక గుంట దాటి పైకి వచ్చిందనో స్కానులో ఉంటే ఇది అర్థవంతమైన నిర్ణయం. ఆ పరిస్థితిలో చూపు పోయే ప్రమాదం, మందు గురించి ఉన్న సందేహం కంటే పెద్దది. కొందరు డాక్టర్లు ఇలాంటప్పుడు అనుభవం ఎక్కువ ఉన్న బ్రోమోక్రిప్టిన్‌కు మారుస్తారు. అది రోజూ వేసుకోవాలి, వికారం కూడా ఎక్కువ. ఇప్పటికే వాంతులతో బాధపడుతున్న మీకు అది చిన్న విషయం కాదు. కాబెర్గోలిన్‌తోనే బాగా అలవాటు పడినవారికి దాన్నే కొనసాగించేవారూ ఉన్నారు.

మూడో దారి అంటూ వేరుగా లేదు, మొదటి దారికి అది వెనక తలుపు. ఆపి చూస్తాం, లక్షణం కనిపిస్తే మళ్లీ మొదలుపెడతాం. మందు ఆపడమంటే మందును వదులుకోవడమని మీరు అనుకుంటున్నట్టున్నారు. కాదు. పదహారో వారంలోనైనా, ముప్ఫయ్యో వారంలోనైనా అవసరమైతే మళ్లీ వేసుకోవచ్చు, చాలామందిలో కణితి మళ్లీ తగ్గుతుంది కూడా. మందుకు లొంగకపోతే ముక్కు ద్వారా చేసే ఆపరేషన్ ఉంది. అత్యవసరం కానప్పుడు దాన్ని గర్భం నడిమి నెలల్లో చేయడానికి మొగ్గు చూపుతారు. నెలలు నిండబోతుంటే ముందు ప్రసవం చేసి తర్వాత ఆ సంగతి చూస్తారు. ఇదంతా జరుగుతుందని కాదు. దారి మూసుకుపోలేదని తెలిస్తే రాత్రులు కొంచెం నిద్ర పడుతుందని చెబుతున్నాను.

ఇప్పుడు లక్షణాలు. గ్రంథి ఉన్న గుంటకు సరిగ్గా పైన రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలుసుకుని ఒకదాన్నొకటి దాటుతాయి. కణితి పైకి పెరిగితే ముందుగా నొక్కుకుపోయేది ఆ కూడలి. అందుకే పోయే చూపు మధ్యలో పోదు, రెండు పక్కలా పోతుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తుంటాయి కాబట్టి చాలామంది దీన్ని గుర్తించరు. గుమ్మం దాటుతూ భుజం తలుపు చెక్కకు తగలడం, పక్కన వచ్చి నిలబడిన మనిషిని మాట్లాడేదాకా గమనించకపోవడం, బల్ల అంచున పెట్టిన గ్లాసు చేతికి తగిలి పడిపోవడం, ఇలాంటివి పదేపదే జరుగుతుంటే పరాకు అనుకుని వదిలేయవద్దు.

దీన్ని పట్టుకునే పరీక్ష చాలా తేలికైనది. కంటి డాక్టరు దగ్గర విజువల్ ఫీల్డ్ పరీక్ష అంటారు. గిన్నెలా లోపలికి వంగిన తెల్లటి తెర ముందు గడ్డం ఆనించి కూర్చోబెడతారు. ఒక కన్ను మూస్తారు. తెర మధ్యలో ఉన్న చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మెరుస్తుంది, కనిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. కొన్ని వెలుగులు కావాలనే చాలా మసకగా ఉంటాయి, అవి కనిపించకపోయినా కంగారు పడనక్కర లేదు. ఒక్కో కంటికి కొన్ని నిమిషాలు పడుతుంది, విసుగ్గా ఉంటుంది, నొప్పి ఉండదు, మందు ఉండదు, బిడ్డకు ఏ సంబంధమూ లేదు. మీ భర్తకు ప్రతి నెలా ఏదో ఒక పరీక్ష చేయించాలని ఉంటే ఆ ఆరాటాన్ని ఇటు మళ్లించండి. ఇప్పుడు ఒకసారి, ఆ తర్వాత ప్రతి మూడు నెలలకు ఒకసారి చేయించవచ్చేమో ఎండోక్రైనాలజిస్టును అడగండి. ఇప్పుడు చేయించేది చాలా ముఖ్యం, ఎందుకంటే తర్వాతి వాటిని పోల్చి చూడటానికి ఒక మొదటి కాగితం ఉండాలి.

తలనొప్పి సంగతి కొంచెం తికమక. గర్భిణుల్లో మామూలు తలనొప్పులు చాలా వస్తాయి. రోజురోజుకీ పెరుగుతూ, ఇంతకుముందు ఎరగని తీరులో ఉండి, వారాల తరబడి వదలకపోతే డాక్టరుకు చెప్పాలి. ఒక్కసారిగా తల పగిలిపోతున్నంత నొప్పి, దానితో వాంతి, ఒకటి రెండుగా కనిపించడం, ఒక కనురెప్ప వాలిపోవడం, ఇవి కనిపిస్తే ఫోను చేసి అపాయింట్‌మెంట్ తీసుకునే పని కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. కణితిలో రక్తస్రావం జరిగితే ఇలా వస్తుంది. చాలా అరుదు, కానీ గంటల్లో చికిత్స కావాలి.

ఇరవయ్యో వారం దాటాక ఇంకొక విషయం గుర్తుంచుకోండి. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చూపు మసక, ఇవి గర్భిణుల్లో రక్తపోటు పెరిగే ప్రీఎక్లాంప్సియా అనే జబ్బులో కూడా కనిపిస్తాయి. మీకు కణితి ఉందని తెలిసినవాళ్లు ప్రతి తలనొప్పినీ దాని ఖాతాలో వేసే ప్రమాదం ఉంది, మీరు కూడా అదే పని చేస్తారు. అందుకే ముందు రక్తపోటు చూడాలి. 140/90 లేదా అంతకు మించి ఉంటే కథ వేరే వైపు తిరుగుతుంది. ఆ పరిస్థితిలో కాబెర్గోలిన్, బ్రోమోక్రిప్టిన్ వంటి మందులు మళ్లీ మొదలుపెట్టడంలో కూడా జాగ్రత్త అవసరం. ఇంట్లో మీ అంతట మీరు అర మాత్ర వేసుకోకూడనిది ఇందుకు కూడా.

లక్షణాలు వస్తేనే మళ్లీ ఎమ్మారై తీస్తారు. దానిలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, గర్భిణులకు తీయవచ్చు. సాధారణంగా నరంలోకి ఎక్కించే గాడోలినియం మందు మాత్రం వాడరు. ఏ లక్షణమూ లేకుండా ఊరికే నమ్మకం కోసం తీయనక్కర లేదు.

అత్తగారి సంగతి మీరు ఇంటి విషయంగా రాశారు. నాకు మాత్రం అది వైద్యానికి సంబంధించినదిగానే కనిపిస్తోంది. పగలంతా మీ పక్కన ఉండేది ఆవిడ ఒక్కరే. మధ్యాహ్నం మీకు ఒక్కసారిగా నొప్పి వచ్చి మాట తడబడితే, ఫోను చేయవలసింది ఆవిడే. ఏమీ తెలియని మనిషి ఏం చేస్తారు? తలకు నూనె రాసి పడుకోబెడతారు. గంటలు పోతాయి.

చెప్పకుండా ఉంటే ఇప్పటి ప్రశాంతత నిలుస్తుంది, కానీ ఫైళ్లు దాచడం, ఫోను బయటకు వెళ్లి మాట్లాడటం, కంటి డాక్టరు దగ్గరకు ఎందుకంటే కట్టుకథ చెప్పడం, ఇవన్నీ ఇంకా ఆరున్నర నెలలు చేయాలి. మధ్యలో ఎక్కడో బయటపడితే జబ్బు కంటే దాచిపెట్టడం పెద్ద నేరమవుతుంది. చెబితే కొన్ని రోజులు ఇంట్లో అలజడి ఉండవచ్చు, మీరు తట్టుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఉండవచ్చు. నా మొగ్గు చెప్పడం వైపే, అయితే మీ నోటితో కాకుండా మీ భర్త నోటితో. ఆయన తల్లి కాబట్టి ఏ మాటకు ఆవిడ బెదురుతారో, ఏ మాటకు కుదుటపడతారో ఆయనకు తెలుస్తుంది. "మెదడులో గడ్డ" అనే మాట వాడనవసరం లేదు, అది సరైన మాట కూడా కాదు. ఇది మెదడు కింద ఉన్న ఒక గ్రంథిలో వచ్చిన కణితి. దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. మాత్రతోనే సగానికి తగ్గింది. "ఒక గ్రంథిలో హార్మోను ఎక్కువైంది, కొన్నేళ్లు మందు వాడింది, తగ్గింది, అందుకే గర్భం వచ్చింది" అంటే ప్రతి అక్షరమూ నిజమే. బిడ్డకు వస్తుందా అని అడిగితే, అత్యధిక శాతం ప్రొలాక్టినోమాలు వంశపారంపర్యం కావు. పిట్యూటరీ కణితులు ఒకే కుటుంబంలో పలువురికి వచ్చిన సందర్భాలు అరుదుగా ఉన్నాయి, మీ పుట్టింట్లో అలా ఎవరికైనా ఉంటే డాక్టరుకు చెప్పండి.

ఇవన్నీ చెప్పడం ఇప్పట్లో మీవల్ల కాదనుకుంటే, కనీసం ఇది చేయండి. "ఇలా తలనొప్పి వచ్చినా, చూపులో తేడా వచ్చినా వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి, డాక్టరు చెప్పారు" అని కారణం చెప్పకుండానే అత్తగారికి ఒక కాగితం ఇవ్వండి. గర్భిణికి ఏ జాగ్రత్త చెప్పినా పెద్దవాళ్లు గుచ్చి గుచ్చి అడగరు.

ఆడపడుచుగారు విన్నది తప్పు. ప్రొలాక్టినోమా ఉన్నంత మాత్రాన ఆపరేషన్ చేసి బిడ్డను తీయనవసరం లేదు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటం వంటి ప్రసూతి కారణాలుంటే ఎవరికైనా చేసినట్టే మీకూ చేస్తారు, లేకపోతే మామూలు ప్రసవమే.

పాల విషయంలో కూడా భయం అక్కర లేదు. పాలివ్వడం వల్ల కణితి పెరుగుతుందనడానికి ఆధారాలు లేవు. అయితే ఇక్కడ ఒకదాన్ని ఎంచుకుంటే ఇంకొకదాన్ని వదులుకోవలసి రావచ్చు. కాబెర్గోలిన్ పాలను ఆపేస్తుంది. గర్భకాలంలో ఏ లక్షణమూ రాకపోతే, మందు లేకుండానే మీకు ఇష్టమైనన్నాళ్లు పాలివ్వవచ్చు. చివరి నెలల్లో చూపుకు ఇబ్బంది వచ్చి మందు మొదలుపెట్టవలసి వస్తే పాలు ఉండవు, డబ్బా పాలకు సిద్ధపడాలి. అలాంటి పరిస్థితి వస్తే మీ చూపును పణంగా పెట్టి పాలివ్వాలని ఎవరూ మీమీద ఒత్తిడి తేకుండా మీ భర్తతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ప్రసవమైన వారంలో అలాంటి వాదనలకు మీకు ఓపిక ఉండదు.

ప్రసవం తర్వాత కొందరిలో ప్రొలాక్టిన్ దానంతట అదే మామూలు స్థాయికి వస్తుంది, మళ్లీ మందు అవసరమే ఉండదు. ఎందుకో పూర్తిగా తేలలేదు గానీ ఇది చాలాసార్లు చూసినదే. మీరు ఆ కొందరిలో ఉంటారో లేదో పాలు మాన్పించిన తర్వాత చేసే రక్తపరీక్షలో, ఎమ్మారైలో తెలుస్తుంది. అప్పుడు మాత్రం ప్రొలాక్టిన్ అంకెకు విలువ ఉంటుంది. ఆ పరీక్షలు ఎప్పుడు చేయించాలో ఈసారి వెళ్లినప్పుడే ఎండోక్రైనాలజిస్టును అడిగి, ఫైలు మొదటి పేజీ మీద రాయించుకోండి. పసిబిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు సొంత పరీక్షలు గుర్తుపెట్టుకునే తల్లులు తక్కువ.